రెండు సీట్ల బండి

మా అత్త ఆ మాట పదకొండో రోజున అంది. నా భార్య దినాలు అయిపోయాయి. చుట్టాలు తిని చేతులు కడుక్కుంటున్నారు. అత్త అంటే నాకు మేనత్త కూడా, మా బాపుకు సొంత చెల్లెలు. ఆమె బిడ్డనే నేను చేసుకున్నాను. గడప పక్కన కూర్చుని, ఒళ్లో పన్నెండు రోజుల పసిగుడ్డును పెట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"గా బండి మల్ల నడిచిన్నాడు వచ్చి నీ బిడ్డను తోల్కపో."

అక్కడున్న అందరికీ అర్థమైంది, పిల్లను ఎప్పటికీ ఇవ్వనని. మా బాపు తల దించుకున్నాడు. నాకు మాత్రం ఎవరో పని చెప్పినట్టు వినిపించింది. నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఫిట్టర్ని. ఫలానా పంపు నడవాలంటే నడిపించాలి, అంతే. సరే అన్నాను. ఆ 'సరే' విని మా వాళ్లు నన్ను చాలా రోజులు వింతగా చూశారు. చూడనీ. నాకు అప్పుడు బాధ తెలియడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో నాకు ఒళ్లంతా అలా ఉండేది. పిల్ల రావాలంటే బండి నడవాలి. ఆ ఒక్కటే నా బుర్రలో మిగిలింది.

బండి సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. అందరం దొర అనేవాళ్లం. యాభై ఆరులో, మా జిల్లా కొత్త రాష్ట్రంలో కలిసిన ఏడాది, ఆయన తన దేశం వెళ్లిపోతూ తన కారును నాకు వదిలేశాడు. ఆదివారాలు దాన్ని తుడిచి, కార్బొరేటరు సరిచేసి, నడిపి చూసేవాణ్ని నేనే కాబట్టి. ఎర్ర రంగు. పొడుగాటి ముక్కు, చువ్వల చక్రాలు, మోకాలెత్తు తలుపులు, పైన గుడ్డ టాపు. సీట్లు రెండే. పందేల కోసం చేసిన బండి అని దొర చెప్పేవాడు. బోధన్ రోడ్డు మీద చెరుకు బండ్ల వెనకాల దానితో పందెం ఎవరితో వేయాలో నాకు తెలియలేదు. క్వార్టర్లలో అందరూ పెండ్లికొడుకు బండి అని ఎగతాళి చేసేవాళ్లు. నా భార్యకు మాత్రం అదంటే ప్రాణం. నిజామాబాద్ పోయి కంఠేశ్వర్ గుడి చూసొద్దాం అనేది. కొంగు నెత్తికి బిగించి చుట్టుకుని, రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని, దారి పొడుగునా నవ్వుతూ కూర్చునేది. ఎందుకు నవ్వుతున్నావంటే, గాలికి, అనేది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అత్తది రుద్రూరు. పసుపు, వరి పండించే ఇల్లు. ఆడపిల్ల పుట్టిందని కబురు వస్తే మర్నాడు పొద్దున్నే బండి వేసుకుని పోయాను. నేను పోయేసరికి తల్లికి రక్తం ఆగడం లేదు. మంత్రసాని చేతులెత్తేసింది. బోధన్ ఆసుపత్రికి తీసుకుపోదామని బండి దగ్గరికి వస్తే, రేడియేటరు కింద నీళ్ల మడుగు. వచ్చేటప్పుడు కంకర రోడ్డు మీద రాయి తగిలి చిల్లి పడ్డట్టుంది.

మా వైపు డ్రైవర్లకు ఒక అలవాటుంది. రేడియేటరు కారితే అందులో పిడికెడు పసుపు పోస్తారు. పసుపు నీళ్లలో నాని ఉబ్బి చిల్లిని మూసేస్తుంది. దెబ్బ తగిలితే ఒంటికి పెట్టేదే, బండికీ పెడతారు. పిడికెడైతే పనిచేస్తుంది, నేనూ చాలాసార్లు చేశాను. ఆ రోజు అత్త లోపలినుంచి చాటతో పసుపు తెచ్చి తన చేత్తోనే పోసింది. ఒక పిడికెడు. రెండు. మూడు. నేను పక్కన నిలబడి నీళ్లు పోస్తున్నాను. ఎక్కువవుతోందని నాకు తెలుసు. కారడం ఆగిపోయింది. నేనేమీ అనలేదు.

నా భార్యను ఎత్తుకొచ్చి సీట్లో కూర్చోబెట్టాం. అత్త పసిపిల్లను పక్కింటామె చేతిలో పెట్టి, "నేను సుత వస్త" అంటూ ఒక కాలు బండిలో పెట్టింది. చోటు లేదు అన్నాను. సీట్లు రెండే కదా. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. అద్దంలో చాలాసేపు కనబడింది, చాట చేతిలోనే ఉంది.

అవి చెరుకు కోత రోజులు. రోడ్డంతా బండ్లు, ఒకదాని వెనక ఒకటి. వాటిని దాటుకుంటూ పోతుంటే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనని ఆపలేదు. కాలువ వంతెన దాటాక ఇంజను ఇనుము విరిగినట్టు ఒక చప్పుడు చేసి నిలిచిపోయింది. పసుపు చిల్లితో పాటు రేడియేటరు గొట్టాలన్నిటినీ మూసేసింది. నీళ్లు తిరగక ఇంజను కాలి బిగుసుకుపోయింది. వెనక వస్తున్న చెరుకు బండివాడు మా మొహాలు చూసి, ఒక్క మాట అడగకుండా సగం చెరుకు రోడ్డు పక్కన దింపేశాడు. మిగిలిన చెరుకు మీద ఆకు పరిచి ఆమెను పడుకోబెట్టాం. ఎద్దులు ఎంత అదిలించినా ఎద్దుల్లాగే నడిచాయి. ఒకసారి మా అవ్వ ఏదని తల్లి కోసం అడిగింది. వెనక వస్తోందన్నాను. ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడ్డప్పుడు నీళ్లు తాగుతావా అని అడిగాను. పలకలేదు.

మూడో రోజు అదే ఎద్దులు కారును కూడా లాక్కొచ్చి మా క్వార్టరు పెరట్లో వదిలాయి.

అత్త చెప్పిన పని మర్నాడే మొదలుపెట్టాను అని చెప్పుకోవాలని ఉంది. లేదు. ఎనిమిది నెలలు దాని మీద టార్పాలిన్ కూడా కప్పలేదు. డ్యూటీకి పోయేవాణ్ని, వచ్చేవాణ్ని, అన్నం వండుకుని తినేవాణ్ని. వానలు వచ్చిపోయాయి. ఒక ఆదివారం బండి తలుపు తీయబోతే తలుపే చేతికి ఊడి వచ్చింది. ఆ బండికి రేకు కింద కర్ర చట్రం ఉంటుంది. ఇంగ్లండు కర్రను మా బోధన్ చెదలు హాయిగా తినేశాయి. అప్పుడు మొదలుపెట్టాను.

ఫ్యాక్టరీ పద్ధతిలోనే విప్పాను. ప్రతి ముక్కకూ సుద్దముక్కతో నంబరు, ప్రతి నట్టూ దాని బోల్టుకే. మూడు వాసాలు నిలబెట్టి కట్టి, చైన్ కప్పీ వేలాడదీసి ఇంజనును పైకి లేపాను. హెడ్డు ఊడదీశాక చూస్తే బ్లాకు నిలువునా పగిలి ఉంది. నీళ్లు తిరిగే దారుల్లో పసుపు గట్టిపడి ఇటుకలా ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులుగా రాలింది. నెలలు దాటినా పసుపు రంగు పోలేదు, వాసన కూడా పోలేదు. దాన్నంతా ఒక రేకు డబ్బాలోకి ఎత్తాను.

ఈ డబ్బా మా వర్క్‌షాపులో ఒక ఆచారం లాంటిది. మిషను ఆగిపోతే, విప్పి బాగుచేసినవాడు ఆ ఆగడానికి కారణమైనదాన్ని, విరిగిన గేరు పన్నో, ఇరుక్కున్న రాయో, పేరుకున్న మడ్డో, డబ్బాలో వేసి తీసుకుపోయి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టాలి. డబ్బా పెట్టాక మాటలుండవు. ఎవరి తప్పు అని ఎవరూ అరుచుకోరు. ఆయన మూత తీసి చూస్తాడు, మూత పెడతాడు, పని ముగిసినట్టు. పనిలో చేరిన రోజు నుంచీ ఆ పద్ధతిలోనే బతికాను. ఇంట్లో మనుషులకూ అదే సరిపోతుందనుకున్నాను.

అవును, అత్తకు ఆ డబ్బా చూపించాలని ఉండేది. అబద్ధమెందుకు. ఒంట్లో తిమ్మిరి తప్ప ఏమీ లేని ఆ రోజుల్లో, నిజంగా నాకున్న కోరిక అదొక్కటే. ఆవిడ బండిని తిట్టింది. నా వల్లనే అని ఊరంతా అనుకుంది. పోసింది ఎవరి చెయ్యో చూడనీ అనుకున్నాను.

పిల్లను చూడ్డానికి ఏడాదికి రెండుసార్లు రుద్రూరు బస్సులో పోయేవాణ్ని. అత్త చెంబుతో నీళ్లిచ్చేది. అన్నం తినమని అనేది కాదు. సొంత మేనల్లుడికి ఒక ముద్ద పెట్టనంత కోపం అనుకుని, నేనూ అడిగేవాణ్ని కాదు. అరుగు మీద కూర్చుంటే పిల్ల తలుపు చాటునుంచి చూసేది. వాళ్ల పసుపు చేలో చెరుకు వేసి ఉంది. ఫ్యాక్టరీకి చెరుకు కావాలి కదా, అందరూ వేస్తున్నారు, ఈమె కూడా వేసింది అనుకున్నాను. పెద్ద తెలివిగలవాణ్ని.

ఇంజను కోసం రెండేళ్లు తిరిగాను. ఆ బండి ఇంజను ఇండియాలో దొరకదు. చివరకు నిజామాబాదులో స్టేషను దగ్గర తుక్కు దుకాణంలో, చెట్టుకు గుద్దుకున్న అంబాసిడర్ టాక్సీ ఒకటి కనబడింది. ముందు భాగం నుజ్జయినా ఇంజనుకు ఏమీ కాలేదు. అదీ ఇంగ్లండు నుంచి వచ్చిన వంశమే, దీనికి దాయాది అవుతుంది. దాయాదులు కలవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కొత్త ఇంజను వెనక భాగం పాత గేరుబాక్సుకు కూర్చోదు. బోల్టు రంధ్రాలు ఒక్కటీ కలవవు. మధ్యలో ఒక ఇనుప పలక చేసి, ఒక వైపు దీని రంధ్రాలు, ఇంకో వైపు దాని రంధ్రాలు వేయాలి. నడిమధ్య గీత వెంట్రుకవాసి తప్పినా గేరుబాక్సు తినేస్తుంది.

ఆ పలకను మా టర్నరు చేశాడు. మెథడిస్టు చర్చిలో డోలక్ వాయించే మనిషి, నాకంటే పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ని. సీజను అయిపోయాక సాయంత్రాలు లేతు మిషను మీద ఆ పలకను నాలుగుసార్లు చేశాడు. మూడుసార్లు సరిగ్గా రాలేదని అతనే పక్కన పడేశాడు. నాలుగోది బిగించాక ఇంజను చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. నేను నట్లు లెక్కపెట్టుకుంటున్నాను. అతను చేతులు తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు.

"ఒక్కసారన్న ఏడ్వరాదురా," అన్నాడు.

"బండి స్టార్టయినంక ఏడుస్త అన్నా," అన్నాను. నవ్వించడానికి కాదు. నిజంగానే అప్పుడు కుదురుతుందేమో అనుకున్నాను.

కర్ర చట్రం చెరుకు బండ్లు చేసే వడ్లాయన చేశాడు. నల్లతుమ్మ కర్ర. కారు తలుపుకు ఎద్దుల బండి చట్రమంత బందోబస్తు ఎందుకయ్యా అంటే, మా కర్ర ఇట్లనే ఉంటది అన్నాడు. తలుపులు ఎంత బరువయ్యాయంటే తీసి వదిలితే బండి ఒక వైపు ఒరిగేది. కొత్త ఇంజను ఎత్తుగా ఉండి బానెట్ మూత పడలేదు. పైనున్న ఎయిర్ క్లీనరును పక్కకు తిప్పి బిగించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. రేడియేటరు మాత్రం పాతది ముట్టుకోలేదు. కొత్తది వేశాను. నీళ్లు నింపి కింద కాగితం పరిచి, ఒక రోజంతా పక్కనే కూర్చుని చూశాను. ఒక్క చుక్క కూడా పడలేదు.

బండి స్టార్టయింది. పాత ఇంజను గొంతు కాదు, టాక్సీ గొంతు. క్వార్టర్ల వాళ్లందరూ బయటికి వచ్చారు. టర్నరన్న నా మొహం చూశాడు. ఏడుపు రాలేదు. ఆయిల్ చూసుకుని ఇంజను ఆపేశాను.

తర్వాతి ఆదివారం పొద్దున రుద్రూరు పోయాను. పిల్లకు అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. చప్పుడు విని అత్త బయటికి వచ్చి వాకిట్లోనే ఆగిపోయింది. బండి నడిచింది అత్తా అన్నాను. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్ మీద చెయ్యి పెట్టి, వేడికి తీసేసింది. తర్వాత ఒకటే అడిగింది.

"ఇప్పి సూసినవా లోపట?"

చూసిన అన్నాను. సీటు కింద నుంచి డబ్బా తీసి అరుగు మీద పెట్టాను. ఇంకేమీ అనలేదు, మా వర్క్‌షాపులో చేసినట్టే. ఆవిడ మూత తీసింది. లోపలికి చూసింది. వేలితో ఒక పెచ్చును కదిపింది. మూత పెట్టేసింది. లోపలికి పోయి పిల్ల బట్టల మూట తెచ్చి సీట్లో పెట్టింది. పిల్లను ఎత్తి నాకిచ్చింది. అన్న మాట ప్రకారం ఇచ్చేసింది, ఒక్క కన్నీటి చుక్క కూడా లేకుండా. నేను గెలిచాను అనుకున్నాను. గెలిస్తే ఏదో ఒకటి తెలియాలి కదా. ఏమీ తెలియలేదు.

పిల్ల దారంతా ఏడవలేదు. రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది. అలా పట్టుకోమని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి అన్నం, పప్పు వండాను. నాకు వచ్చిన వంట అదొక్కటే. కంచంలో వేసి ముందు పెడితే పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాపూ, పప్పు ఖరాబైంది. పచ్చగున్నది."

పప్పు పచ్చగానే ఉంటుంది బిడ్డా అన్నాను. కాదంది. అవ్వ పప్పు తెల్లగుంటదట. కూర తెల్లగుంటదట. పచ్చది వాళ్లింట్లో అసలు ఉండదట. దెబ్బ తగిలితే ఏం పెడతదే అవ్వ అని అడిగాను. మోకాలి మీద మచ్చ చూపించి, కొబ్బరినూనె అంది.

పసుపు పండించే ఇల్లు అది. గడపకు పసుపు, ముత్తైదువల కాళ్లకు పసుపు, కడాయిలో పసుపు ఉడికే వాసనలో మా ఆవిడ పుట్టి పెరిగిన ఇల్లు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల నాలుగో ఏట పసుపు వేసిన పప్పు చూసి పాడైపోయిందనుకుంది. నాకు చెరుకు వేసిన చేను గుర్తొచ్చింది. నీళ్లిచ్చి అన్నం పెట్టకుండా పంపిన రోజులన్నీ గుర్తొచ్చాయి. పెడితే కంచంలో తెల్లటి కూర నా కంట పడేది. ఇంజనును బిగించింది తను పోసిన పసుపేనని ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. డబ్బా తీసుకుపోయి నేను చూపించింది, అన్నేళ్లుగా ఆవిడ పూట పూటా ఆ తెల్లటి కూరతో మింగుతున్న తప్పునే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముందే చెప్పాల్సింది. ఆ రోజు అత్త తనంతట తాను పసుపు తేలేదు. నేనే కేకేశాను. అత్తా పసుపు తే, ఎక్కువ తే, తొందరగా తే, అన్నాను. ఫిట్టర్ని నేను. రేడియేటరులో ఏం పోయాలో, ఎంత పోయాలో తెలిసినవాణ్ని నేను. అన్నేళ్లలో ఆ మాట ఎలా మరిచానో తెలియదు. మరవలేదేమో. డబ్బాలో వేయలేదు, అంతే.

అప్పుడు ఏడుపు వచ్చింది. కంచం ముందు కూర్చుని, తలుపు తీసి ఉందనీ పక్కవాళ్లు వింటారనీ చూసుకోకుండా గొంతెత్తి ఏడ్చాను. పిల్ల హడలిపోయింది. కంచం దగ్గరికి లాక్కుని, "తింట బాపూ, నేను తింట, ఏడ్వకు" అంటూ ఆ పచ్చటి పప్పన్నం గబగబా నోట్లో కుక్కుకుంది.

మర్నాడు డ్యూటీకి పోలేదు. తెల్లవారగానే పిల్లను సీట్లో కూర్చోబెట్టుకుని మళ్లీ రుద్రూరు పోయాను. అత్త అరుగు మీదే కూర్చుని ఉంది. డబ్బా నేను పెట్టిన చోటే ఉంది. నేను కింద కూర్చున్నాను.

"పసుపు తెమ్మన్నది నేనత్తా. ఎక్కువ తెమ్మన్నది సుత నేనే. నువ్వు నా మాట విన్నవు, గంతే."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎరుకనే," అంది. "నువ్వు మర్సిపోయినవనుకున్న."

పిల్ల బండి దిగి వచ్చి ఆమె ఒళ్లో దూరింది. పొద్దున ఏమన్నా తిన్నదా అని అత్త అడిగింది. ఇంకా లేదన్నాను. సరే, బోధన్ పోయి నీ క్వార్టర్లోనే వండుతా అంటూ లేచి తలుపుకు గొళ్లెం పెట్టింది. బండి దగ్గరికి వచ్చి, ఆ నల్లతుమ్మ తలుపును రెండు చేతులతో లాగి, సీట్లో సర్దుకుని కూర్చుని, పిల్లను ఒళ్లోకి తీసుకుంది. నేను ఇంజను స్టార్టు చేశాను. ఆమె ముందుకే చూస్తూ అంది.

"ఆనాడు చోటు లేదంటివి."

గేరు వేసి బండి కదిలించాను. రెండు సీట్లలో ముగ్గురం పట్టాం. ఆ రోజు కూడా, నా భార్యను వాళ్ల అవ్వ ఒళ్లో పడుకోబెట్టి ఉంటే, ముగ్గురం పట్టేవాళ్లమే.